ముట్టుకున్న పావు

కత్తెర మాస్టారికి ఆ పేరు బట్టలు కత్తిరించడం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటే. ఆయన షాపున్న వీధిలో ఇంకా చాలామంది టైలర్లున్నారు, వాళ్ళందరికీ కత్తెరలున్నాయి, వాళ్ళనెవరూ కత్తెర అని పిలవలేదు. ఇనప సామాన్ల కొట్టు పైన ఉన్న చదరంగం క్లబ్బులో ఆయన రిఫరీ. ఆయన తీర్పు చెప్పే పద్ధతి చూసి అక్కడివాళ్ళే ఆ పేరు పెట్టారు. అటూ ఇటూ చూసి నీళ్ళు నమలడం ఆయనకు చేతకాదు. గొడవ పడుతున్న బల్ల దగ్గరికి వచ్చి ఇద్దరి మాటా వినేవాడు. ఒక్క ముక్కలో తేల్చేసి వెళ్ళిపోయేవాడు. ఇక ఆ బల్ల దగ్గర నోరెత్తేవాళ్ళు ఉండేవారు కాదు.

ఆట మాత్రం ఆయనకు అబ్బలేదు. ఆ మాట ఆయనే అందరికంటే ముందు ఒప్పుకునేవాడు. రెండు ఎత్తుల దాకా అద్దంలో చూసినట్టు కనిపించేది, మూడో ఎత్తు దగ్గర బుర్ర గిర్రున తిరిగేది. క్లబ్బులో ఆయన చేతిలో ఓడిపోయినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకరిద్దరు జ్వరంతో ఉన్నవాళ్ళు. అయినా ఆ గళ్ళ బల్ల ముందు కూర్చుంటే ఆయనకు ఒళ్ళు తెలిసేది కాదు.

దానికి కారణం ఆయన వృత్తిలోనే ఉంది. పొద్దున్న షాపు తెరిచిన దగ్గర్నుంచీ ఆయన వినేవన్నీ సాకులు. బట్ట కుంచించుకుపోయిందనేవాడొకడు, నాకు పొట్ట పెరగలేదు మీరే బిగించారనేవాడొకడు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? "రేపు సాయంత్రానికి తప్పకుండా" అనే మాట ఆయన నోట ఊపిరంత తేలిగ్గా వచ్చేది, ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలిసేది కాదు. చదరంగంలో ఆ పప్పులుడకవు. ఇద్దరికీ అవే పావులు, అవే గళ్ళు. ఓడిపోతే అదృష్టాన్ని తిట్టుకునే వీలు లేదు. పావుని ముట్టుకుంటే దాన్నే కదపాలి. "అబ్బే, ఊరికే పట్టుకున్నానండీ, రేపు చూద్దాం" అంటే ఒప్పుకోరు. రోజంతా రేపు అని చెప్పి బతికే మనిషికి, రేపు అనేదే లేని ఆ చోటు పవిత్రంగా కనిపించింది. ఆడటం రాకపోయినా కాపలా కాద్దామనుకున్నాడు. రిఫరీ అయ్యాడు.

ఆయనకు అబ్బనిది ఆయన కూతురికి అబ్బింది. ఆయన భార్య షాపులోనే ఓ మూల కూర్చుని కాజాలు కుట్టేది, పిల్ల కటింగ్ టేబుల్ కింద ఆడుకునేది. ఖాళీ దొరికినప్పుడు ఆయన టేబుల్ చివర సుద్దముక్కతో గళ్ళు గీసి, గుండీలతో ఆట నేర్పాడు. కోటు గుండీలు ఏనుగులు, చొక్కా గుండీలు బంట్లు. స్టూలెక్కితే గాని టేబుల్ అందని వయసులోనే ఆ పిల్ల తండ్రిని ఓడించింది. ఆయన కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాడు. చెయ్యి చాపి నిలబడ్డ మనిషి పారిపోలేడు కదా, వినేవాడు.

ఒకరోజు ఆయన ఓ విచిత్రమైన స్థితి పేర్చి చూపించాడు. "చూడు అమ్మలూ. ఈ రాజు కదలకుండా ఉన్నచోటే ఉంటే బతుకుతాడు. ఎటు కదిలినా చస్తాడు. కానీ ఇప్పుడు ఇతని వంతు."

"ఈసారి నేను ఆడను, నువ్వే ఆడు అంటే?"

"అలా అనకూడదు."

"అన్యాయం నాన్నా!"

"ఆటంటే అంతే మరి."

ఆ పిల్ల ఆ గుండీల వంక చాలాసేపు కోపంగా చూసింది. తర్వాత ఆ స్థితి ఆమెకు ఎంత నచ్చిందంటే, ఎదుటివాళ్ళని అందులోకి తోసి, చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. క్లబ్బులో తలపండిన ఆటగాళ్ళు ఆమె ఎదుట కూర్చోవాలంటే ముందు కళ్ళద్దాలు తుడుచుకునేవారు.

ఆమె హైస్కూలు చివరి తరగతిలో ఉన్నప్పుడు క్లబ్బులో ఎంపిక పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళు క్లబ్బు తరఫున పెద్ద పోటీలకు వెళ్తారు. అక్కడ ఆడితే పై వాళ్ళ కంట పడొచ్చు, మంచి శిక్షణ దొరకొచ్చు. ఆమె తిండి కూడా సరిగ్గా తినకుండా తయారైంది. ఆయన ఆ పోటీ కోసం కూతురికి తెల్లచొక్కా కుట్టాడు. టైలరు ఇంట్లో పిల్లలకు కొత్తబట్టలు అందరికంటే ఆఖర్న వస్తాయి, ఆ చొక్కా కూడా పోటీ ముందురోజు గాని మెషీను దిగలేదు. పొడుగు చేతులు పెట్టాడు, మణికట్టు దగ్గర కఫ్‌లు వదులుగా వదిలాడు.

భార్య ఆ కఫ్‌లో రెండు వేళ్ళు దూర్చి చూసింది. "మరీ వేలాడుతోందండీ. గుండీ కాస్త లోపలికి జరిపి కుట్టనా?"

"పెరిగే పిల్ల. వచ్చే ఏడు కూడా వేసుకోవాలి."

"వచ్చే ఏటికి వచ్చే ఏడు కుట్టొచ్చుగా."

"రేపు చూద్దాంలే," అన్నాడాయన.

పోటీ రోజు పొద్దున ఒక చిన్న తగాదా వచ్చింది. రిటైరైన లెక్చరరొకాయన ఎండాకాలంలో కూడా మెడలోంచి మఫ్లర్ తీయడు. ఆయన ముందుకు వంగినప్పుడు ఆ మఫ్లర్ కొస తగిలి ఆయన మంత్రే పడిపోయింది. ఎదుటివాడు "ముట్టుకున్నారు, ముట్టుకున్నారు, మంత్రినే ఆడాలి" అని పట్టుబట్టాడు. కత్తెర మాస్టారు వచ్చాడు, విన్నాడు. "ఆడేది మనిషి, మఫ్లర్ కాదు. కావాలని చేత్తో పట్టుకుంటేనే ముట్టుకున్నట్టు. బట్ట తగిలితే లెక్కలోకి రాదు. పావు నిలబెట్టి ఆడండి," అని వెళ్ళిపోయాడు. హాలంతా నవ్వింది, మఫ్లర్ కూడా ఆడేస్తోందన్నమాట అని ఎవరో అన్నారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆయన కూతురు కూడా నవ్వింది.

మధ్యాహ్నానికి ఇద్దరే మిగిలారు. ఒకరు ఆ అమ్మాయి, రెండోవాడు కాలేజీలో చదువుకునే ఓ గడ్డం కుర్రాడు. కుర్చీలన్నీ ఆ ఒక్క బల్ల చుట్టూ చేరాయి. ఆట మొదలయ్యే ముందు కిటికీ దగ్గర నిలబడ్డ ఓ పెద్దమనిషి, "తండ్రి రిఫరీ, కూతురు ఆట! ఇక మనకి చూడ్డానికేముంది?" అన్నాడు. సరదాకే అన్నాడు. నలుగురూ సరదాకే నవ్వారు. కత్తెర మాస్టారికి మాత్రం ఆ మాట, కొత్త చొక్కా కాలరులో మర్చిపోయిన గుండుసూదిలా గుచ్చుకుంది. ఆయన బల్లకు దూరంగా జరిగి నిలబడ్డాడు. మెడ తిప్పినప్పుడల్లా అది గుచ్చుకుంటూనే ఉంది.

అమ్మాయి ఆ రోజు ఆడిన ఆట అక్కడున్నవాళ్ళు తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. ముందు ఓ బంటు, తర్వాత ఓ శకటు వదులుకుంది. చూసేవాళ్ళు అయ్యో అన్నారు. కాసేపటికి గడ్డం కుర్రాడి రాజు ఓ మూలకు చేరి ఊపిరాడక కూర్చున్నాడు. దూరంగా ఉందామనుకున్న తండ్రి కాళ్ళు ఆయన మాట వినలేదు, బల్ల పక్కకే తెచ్చి నిలబెట్టాయి. ఆయన బోర్డు చూశాడు. ఆ చివర ఉన్న గుర్రాన్ని ఒక్కసారి దూకిస్తే చెక్. కుర్రాడు ఎటు జరిగినా ఆ తర్వాత ఏనుగుతో ఆట కట్టు. రెండే ఎత్తులు! రెండు ఎత్తుల దాకా ఆయనకు ఎప్పుడూ అద్దంలో చూసినట్టే కనిపిస్తుంది.

అమ్మాయికి కూడా అది కనిపించింది. చెంప మీంచి చెయ్యి తీసింది, ముందుకు వంగి గుర్రం వైపు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి తన రాజు మీదుగా వెళ్ళాలి. పావులన్నింట్లోకీ పొడుగైనది రాజే. వదులుగా వేలాడుతున్న కఫ్ రాజు తలకు తగిలింది. రాజు పడి, బల్ల మీద దొర్లింది.

"ముట్టుకుంది!" అన్నాడు గడ్డం కుర్రాడు.

"లేదు. బట్ట తగిలింది," అంది అమ్మాయి.

"చెయ్యి పడింది సార్. నేను చూశాను."

కుర్రాడు అబద్ధాలకోరు కాదు. అతను కూర్చున్న వైపు నుంచి చూస్తే అలాగే కనిపించి ఉంటుంది. కానీ కత్తెర మాస్టారు నిలబడింది పక్కన. ఆయన చూశాడు. చూడటం కూడా ఎందుకు, ఆ కఫ్ ఎంత వదులో, ఎంత కిందికి వేలాడుతుందో ఆ బట్ట కత్తిరించిన చేతులకు తెలియదా? పైగా పొద్దున్న మఫ్లర్ మీద తీర్పు చెప్పిన నోరు అదే నోరు. ఆ మాటే ఇంకోసారి చెబితే సరిపోయేది.

అమ్మాయి తలెత్తి తండ్రి వంక చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయం లేదు. నాన్న ఇక్కడే ఉన్నాడు, నాన్నకు రూలు తెలుసు, అంతే.

ఆయన మాత్రం తలెత్తి చుట్టూ చూశాడు. కిటికీ దగ్గరి పెద్దమనిషి చేతులు కట్టుకుని, ఇప్పుడేం చేస్తాడో చూద్దామన్నట్టు నిలబడి ఉన్నాడు.

"రాజుని ముట్టుకున్నావు. రాజునే ఆడాలి," అన్నాడు కత్తెర మాస్టారు.

అమ్మాయి పడిపోయిన రాజును నిలబెట్టింది. రాజు వెళ్ళడానికి ఒకే ఒక్క గడి ఉంది. అక్కడికి వెళ్తే ఇంతసేపూ రాజు కాపలా కాస్తున్న ఏనుగు దిక్కులేనిదవుతుంది. ఆమె రాజును అక్కడే పెట్టింది. కుర్రాడు ఏనుగును తీసుకున్నాడు. ఇంకొద్ది ఎత్తుల తర్వాత ఆమె ఓటమి ఒప్పుకుని, కుర్రాడితో చెయ్యి కలిపి కుర్చీలోంచి లేచింది. నిలబడే రెండు చేతుల గుండీలూ విప్పి, చొక్కాను మోచేతుల దాకా మడిచింది.

క్లబ్బు కత్తెర మాస్టారిని ఆకాశానికెత్తేసింది. "కత్తెరంటే కత్తెరేనండీ! సొంత కూతురని కూడా చూడలేదు," అన్నారు. కిటికీ దగ్గరి పెద్దమనిషి వచ్చి, తన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి చెయ్యి పట్టుకుని ఊపాడు. అబద్ధమెందుకు, ఆ కాసేపు ఆయన ఛాతీ ఓ అంగుళం పెరిగింది. టేపు పెట్టి కొలిస్తే తెలిసేది. ఆ తర్వాత జీవితంలో ఆయన అన్నిటికంటే ఎక్కువ అసహ్యించుకున్నది ఆ అంగుళాన్నే.

ఇంటికి వచ్చాక భార్య సంగతంతా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "వేలు తగిలిందా, కఫ్ తగిలిందా?"

"వేలే," అన్నాడాయన, చెప్పులు విప్పుతూ.

ఆవిడ, కూతురు విడిచిన తెల్లచొక్కా తీసుకుని, కఫ్ గుండీ తెంపి, లోపలికి జరిపి కుట్టడం మొదలుపెట్టింది. "ఇప్పుడెందుకు అదంతా?" అన్నాడాయన.

"రేపు చూద్దామన్నారుగా. చూస్తున్నాను."

ఆ చొక్కా అమ్మాయి మళ్ళీ వేసుకోలేదు. తర్వాతి వారం క్లబ్బుకు రాలేదు. అడిగితే "ఆడాలనిపించడం లేదు నాన్నా," అంది. అలక తీరుతుందిలే అనుకున్నాడాయన. పరీక్షలవనీ అనుకున్నాడు. కాలేజీలో చేరితే స్నేహితులతో కలిసి మళ్ళీ మొదలుపెడుతుందిలే అనుకున్నాడు. మొదట్లో ఆమె వచ్చే వేళకు కటింగ్ టేబుల్ చివర బోర్డు పరిచి పెట్టేవాడు. ఆమె ఇస్త్రీ చేసుకోవడానికి దాన్ని జాగ్రత్తగా, ఒక్క పావు కూడా కదలకుండా, పక్కకు జరిపేది. కొన్నాళ్ళకు ఆయనే పావులన్నీ సంచిలో పోసి బీరువా మీద పడేశాడు.

ఆమె తండ్రితో మాట్లాడటం మానేసి ఉంటే ఆయనకు కాస్త సుఖంగా ఉండేది. మానెయ్యలేదు. చదువుకుంది, ఓ ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరింది. పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. సెలవు రోజున వచ్చి తండ్రి మందులు సరిచూసేది, టీలో పంచదార ఎక్కువైందని కోప్పడేది, తల్లి కళ్ళకు శ్రమ అని సూదుల్లో దారాలెక్కించి వరసగా గుచ్చిపెట్టేది. అన్నీ మాట్లాడేది. ఆ ఒక్కటి తప్ప. ఎంత పొడుగు చేతుల చొక్కా వేసుకున్నా మోచేతుల దాకా మడిచి ఉండేది. ల్యాబు అలవాటు అనుకునేవారు చూసినవాళ్ళు. అన్నం వడ్డిస్తున్నా, కాగితం మీద సంతకం పెడుతున్నా, బల్ల మీదికి చెయ్యి చాపే ముందు ఆమె మడత ఓసారి పైకి లాక్కునేది. అది ఎక్కడ మొదలైందో ఆయనకు తెలుసు.

మధ్యలో ఓసారి ఆ గడ్డం కుర్రాడు ప్యాంటు కుట్టించుకోవడానికి షాపుకొచ్చాడు. గడ్డం పోయింది, పొట్ట వచ్చింది. పెద్ద పోటీల్లో మొదట్లోనే ఓడిపోయానని, ఇప్పుడు ఆడటం లేదని చెప్పాడు. "మీ అమ్మాయి ఆట నాకింకా గుర్తుంది మాస్టారూ. ఆ గుర్రం కదిలి ఉంటే నా పని అయిపోయేది. ఆవిడ వెళ్ళాల్సింది, నేను కాదు." కత్తెర మాస్టారు నడుం కొలత రెండుసార్లు తప్పు రాసుకున్నాడు.

ఇలా ఉండగా చూపు మందగించిందని ఆయన రిఫరీ పని మానుకున్నాడు. క్లబ్బు అధ్యక్షుడైన హోమియో డాక్టరు షాపుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీకు చిన్న సభ పెడుతున్నాం మాస్టారూ. కొత్త పిల్లలు చేరగానే మేం మొదట చెప్పేది మీ కథే. కూతురి మీద తీర్పు చెప్పిన కథ! ఆ రోజు నేనే మైకులో చెబుతాను. అమ్మాయిని కూడా తీసుకురండి, ముందు వరసలో కూర్చోబెడదాం."

కత్తెర మాస్టారు తల వంచుకుని చేతిలోని టేపు చుట్టసాగాడు. అది వినయమనుకుని డాక్టరు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజులన్నీ ఆయన మెషీను ముందు కూర్చుని సూది కింద బట్ట పెట్టడం మర్చిపోయేవాడు. ఇంతకాలం ఆ అబద్ధం ఆయనొక్కడిదే అనుకున్నాడు. ఇప్పుడది కొత్త పిల్లలకు పాఠమైపోయింది. పైగా కూతుర్ని ముందు వరసలో కూర్చోబెట్టి ఆమె చెవులారా వినిపిస్తారట. ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆఖరికి ఒక నిశ్చయానికొచ్చాడు. సభలో మైకు అందుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాడు. ఆ ముందు కూతురికి చెబుతాడు.

సెలవు రోజు మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. మూల కూర్చుని తల్లి కాజాలు కుడుతోంది. ఆయన బీరువాలోంచి తెల్లబట్ట తీశాడు.

"సభకి నీకో చొక్కా కుడతాను. ఇలా వచ్చి చెయ్యి చాపు."

"నాకున్నాయిగా చొక్కాలు," అంటూనే ఆమె వచ్చి, మడతలు విప్పి చెయ్యి చాపింది. ఆయన భుజం దగ్గర టేపు పెట్టి మణికట్టు దాకా లాగాడు. అక్కడే ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"ఆ రోజు రాజుకి తగిలింది కఫ్, అమ్మలూ. నీ వేలు కాదు."

"అవును," అంది ఆమె.

"నేను చూశాను."

"తెలుసు నాన్నా."

టేపు ఆయన చేతిలోంచి జారి కింద పడింది. మూల కూర్చున్న తల్లి సూది ఆగింది.

"తెలుసా?"

"నువ్వు ముందు కఫ్ వంక చూశావు. తర్వాత చుట్టూ జనం వంక చూశావు. అప్పుడు చెప్పావు. నా మొహం మాత్రం చూడలేదు." ఆమె గొంతులో కోపం లేదు. ఎవరి రిపోర్టో చదివి వినిపిస్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "నువ్వు చూడలేదనుకుని ఉంటే ఆ రోజంతా ఏడ్చేసి మర్నాడు మళ్ళీ క్లబ్బుకొచ్చేదాన్ని. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నువ్వు చూసి కూడా అలా చెప్పావు. అదే నాకు మింగుడుపడలేదు. ఎన్నోసార్లు మళ్ళీ ఆడాలనిపించింది నాన్నా. పావులు పేర్చగానే నువ్వు చుట్టూ చూడటం గుర్తొచ్చేది."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతికందిన ఆ తెల్లబట్టే వాడుకున్నాడు. "సభలో చెప్పేస్తానమ్మా. అందరి ముందూ మైకులో చెబుతాను. తప్పు చేశానని చెబుతాను."

"చెబితే ఏమంటారు?"

"ఏమంటారు... తిడతారు."

"తిట్టరు నాన్నా. 'ఎంత గొప్పమనిషండీ, ఇన్నేళ్ళ తర్వాత కూడా దాచుకోలేదు' అంటారు. హాలంతా లేచి నిలబడుతుంది. అప్పుడూ చప్పట్లు నీకే."

అది నిజమని ఆయనకు వెంటనే తెలిసిపోయింది. క్లబ్బువాళ్ళని ఆయనకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. "అయితే వెళ్ళనే వెళ్ళను. సభా వద్దు, ఏమీ వద్దని చెప్పేస్తాను."

"'అబ్బ, ఎంత నిగర్వి!' అంటారు." ఆమె కొంచెం నవ్వింది కూడా. "చిన్నప్పుడు ఇక్కడే, ఈ టేబుల్ మీదే నేర్పావు. ఎటు కదిలినా చావే, కదలనంటే కుదరదు."

"అన్యాయం అన్నావు నువ్వు."

"ఆటంటే అంతే అన్నావు నువ్వు."

జీవితమంతా తీర్పులు చెప్పిన మనిషి, మొదటిసారి ఇంకొకరిని తీర్పు అడిగాడు. "మరి నన్నేం చెయ్యమంటావు అమ్మలూ?"

ఆమె వంగి, కింద పడ్డ టేపు తీసి, చుట్టచుట్టి ఆయన చేతిలో పెట్టింది. "వెళ్ళు. వాళ్ళు పిలిచిన చోట కూర్చో. వాళ్ళు చెప్పిందంతా విను. ఇచ్చింది పుచ్చుకో. ఒక్క మాట మాట్లాడకు. ముట్టుకున్నావు కదా నాన్నా. ఆడాల్సిందే."

"నువ్వొస్తావా?"

"వస్తాను."

ఆ చొక్కాకు ఆయన రేపు అనలేదు. ఆ పూటే కత్తిరించాడు, మర్నాటికల్లా కుట్టేశాడు. చేతుల పొడుగు మణికట్టు ఎముక దగ్గరికి సరిగ్గా తెచ్చాడు. కఫ్‌లో చిటికెన వేలు కూడా దూరనంత కచ్చితంగా గుండీ వేయించాడు. భార్య కాజా కుడుతూ, "ఇది బాగా కుదిరిందండీ," అంది. అంత మంచి కఫ్ తను ఇంతవరకూ కుట్టలేదని ఆయనకూ తెలుసు. అది కుదరాల్సిన రోజు మాత్రం ఎప్పుడో దాటిపోయింది.

సభ సాయంత్రం జరిగింది. హోమియో డాక్టరు మైకు ముందు రెచ్చిపోయాడు. తండ్రి గుండె తరుక్కుపోతున్నా నియమం తప్పలేదన్నాడు. కూతురి వేలు రాజు మీద పడటం ఆ డేగ కళ్ళు చూశాయన్నాడు, ముట్టుకుంది అని ఒక్కమాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి పిల్లలూ అన్నాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. వేదిక మీద కూర్చున్న కత్తెర మాస్టారికి చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. చేతులు ఒళ్ళో బిగించుకుని మింగేశాడు. గళ్ళబల్ల బొమ్మ చెక్కిన జ్ఞాపిక చేతిలో పెట్టారు. లేచి నిలబడ్డాడు. హాలంతా చప్పట్లతో మోగిపోయింది, ఎంతకీ ఆగలేదు.

ఈసారి ఆయన చుట్టూ చూడలేదు. ముందు వరసలో తన కూతురి మొహం ఒక్కటే చూశాడు. తల్లి పక్కన కూర్చున్న ఆమె కూడా ఆయన వంకే చూస్తూ, అందరితో పాటు చప్పట్లు కొడుతోంది. కొత్త తెల్లచొక్కా వేసుకుంది. ఆయన అంత కచ్చితంగా కుట్టిన కఫ్‌లు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.